బండరాయి నుంచి బ్యానర్ దాకా: ఆరుబయట ఫెస్టివల్‌కి బ్రాండ్ రూపం ఎలా ఇవ్వాలి

"నేచర్ థీమ్ కావాలండీ" అని నిర్వాహకులు అనగానే చాలామంది డిజైనర్ల చెయ్యి ఆకుపచ్చ రంగు మీదికి పోతుంది. ఒక గుండ్రం, అందులో రెండు ఆకులు, వెనకాల కొండ, కొండ మీద సగం సూర్యుడు. ఇదే బొమ్మ గానుగ నూనె సీసా మీద ఉంటుంది, శివారు వెంచర్ బ్రోచర్ మీద ఉంటుంది, ఆయుర్వేద సబ్బు మీదా ఉంటుంది. మీ ఫెస్టివల్ ఏ ఊళ్ళో, ఏ నెలలో, ఎలాంటి నేల మీద జరుగుతోందో ఆ బొమ్మ చెప్పదు. అలాంటి బొమ్మకి డబ్బు ఖర్చు పెట్టడం దండగ.

దానికి బదులు ఏం చేయాలో ఒక ఉదాహరణ పట్టుకుని వరసగా చూద్దాం. నవంబర్ చివర్లో ఒక శని, ఆదివారాలు అనుకోండి. హైదరాబాద్ పడమటి వైపు, రాళ్ళగుట్టల పక్కన ఒక మైదానం. పగలు మొక్కల స్టాళ్ళు, పిల్లలకి మట్టిబొమ్మల వర్క్‌షాపు, తిండి. సాయంత్రం పాటలు. మూడు నాలుగు వేల మంది వస్తారని అంచనా. బడ్జెట్ ఎప్పటిలాగే తక్కువ. మీ ఫెస్టివల్ వేరే నెలలో, చెరువుగట్టు మీదో పార్కులోనో జరగొచ్చు. అప్పుడు దొరికే వస్తువు మారుతుంది కానీ పని చేసే వరస ఇదే.

మొదటి పని: మైదానానికి వెళ్ళడం

ల్యాప్‌టాప్ తెరిచే ముందు స్థలం చూడండి. పొద్దున ఒకసారి, నాలుగు గంటల ఎండలో ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. గేటు ఎటుంది, జనం ఎటు నుంచి నడిచి వస్తారు, సాయంత్రం ఎండ ఏ బోర్డు మీద నేరుగా పడుతుంది, దుమ్ము ఎంత లేస్తుంది, గాలి ఎటు కొడుతుంది. ఇవన్నీ రాసుకోండి. వీటిలో సగం తర్వాత రంగుల దగ్గర, ఇంకో సగం బోర్డుల దగ్గర పనికొస్తాయి.

తర్వాత, ఆ నెలలో అక్కడ నిజంగా ఏముంటుందో చూడండి. హైదరాబాద్‌లో ప్రకృతి నెలనెలా వేషం మారుస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చిన మోదుగ కొమ్మల నిండా నారింజ పూలు. ఏప్రిల్, మేలో పసుపు గుత్తులతో రేల, ఎర్రగా గుల్‌మొహర్. గుల్‌మొహర్ మనదే అనుకుంటాం కానీ దాని పుట్టిల్లు మడగాస్కర్. స్థానికత మీ ఫెస్టివల్ ప్రచారంలో ముఖ్యమైతే ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. తొలకరి పడగానే నేల మీద ఎర్ర మఖమల్ గుండీల్లాంటి ఆరుద్ర పురుగులు. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు. ఆ వెంటనే సీతాఫలాలు. చలికాలం వచ్చేసరికి చెరువుల మీదికి వలస పక్షులు దిగుతాయి. అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు దక్కింది, ఆ వైపు ఫెస్టివల్ అయితే పక్షుల్ని వదిలి ఇంకేదో గీయడం అన్యాయమే. మే నెల ఫెస్టివల్ పోస్టర్ మీద బంతిపూల దండ వేస్తే అందంగానే ఉంటుంది, కానీ అది ఏ నెలకైనా అతికే బొమ్మ.

వెళ్ళినప్పుడు ఫోన్ ఒక్కటే కాదు, పల్చటి తెల్ల కాగితాలు, మైనం క్రేయాన్లు తీసుకెళ్ళండి. రాయి మీద, చెట్టు బెరడు మీద కాగితం ఆనించి క్రేయాన్ అడ్డంగా పెట్టి రుద్దితే ఆ గరుకుదనం అచ్చు దిగుతుంది. ఇంటర్నెట్‌లో కొన్న టెక్స్చర్ కంటే ఇది వెయ్యి రెట్లు మేలు, ఎందుకంటే ఇది ఇంకెవరి దగ్గరా లేదు. చిన్న పొట్లాల్లో మట్టి పట్టుకురండి. ఆకులు, పూలు రాలినవే ఏరుకోండి. కేబీఆర్ పార్కులాంటి చోట అదీ వద్దు. అది జాతీయ ఉద్యానవనం, వన్యప్రాణి చట్టం పరిధిలోది. అక్కడ గీసుకోవడంతో, ఫోటోలతో సరిపెట్టుకోండి.

ఒక్కటే ఎంచుకోండి

ఇక్కడే చాలా బ్రాండ్లు చెడిపోతాయి. పువ్వూ కావాలి, పక్షీ కావాలి, రాయీ కావాలి, నిర్వాహకుల మీటింగ్‌లో ఒకరు నెమలి కూడా అంటారు. అన్నీ పెడితే ఏదీ గుర్తుండదు. ఒకటి ముఖ్యపాత్ర, మిగతావన్నీ రంగుల్లోనో నమూనాల్లోనో దూరే చిన్న పాత్రలు.

ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి: అది ఆ స్థలంలో, ఆ నెలలో కనిపిస్తుందా? నల్లరంగులో నిండుగా పూసినా దాన్ని గుర్తుపట్టగలమా? ఇప్పటికే ఇంకెవరైనా దాన్ని సొంతం చేసుకున్నారా? ఈ మూడో ప్రశ్న దగ్గర తంగేడు, పాలపిట్ట, జింక, జమ్మి చెట్టు ఆగిపోతాయి. 2014లో ఈ నాలుగూ తెలంగాణ రాష్ట్ర చిహ్నాలయ్యాయి. వాడకూడదని కాదు. వాడితే మీది సర్కారు కార్యక్రమంలా కనిపించే అవకాశం ఎక్కువ. చార్మినార్ గురించి వేరే చెప్పక్కర్లేదు. దాన్ని ఆకులతో, రాళ్ళతో, బిర్యానీ మెతుకులతో కూడా చేసి చూపించేశారు.

మన ఉదాహరణలో గుట్టల పక్కన మైదానం కాబట్టి నేను బండరాయినే ఎంచుకుంటాను. హైదరాబాద్‌కి దానికంటే పాత నివాసి లేదు. ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఖాజాగూడలో, దుర్గం చెరువు చుట్టూ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని పుట్టగొడుగు రాయి దగ్గర ఇంకా చూడొచ్చు. మిగతా చాలాచోట్ల పగలగొట్టి మేడలు కట్టేశాం. వీటిని కాపాడటానికి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ 1996 నుంచి పనిచేస్తోంది. ఊరికి ఇంత దగ్గరగా ఉన్న కథ దొరికాక ఆకుల కోసం వెతకడం ఎందుకు?

వస్తువు ఎలా తయారైందో తెలుసుకుంటేనే బొమ్మ వస్తుంది

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. మిగతా అన్నిచోట్లా తొందరపడినా ఫర్వాలేదు.

రాళ్ళ దొంతర గీయమంటే చాలామంది గుండ్రటి గులకరాళ్ళు నాలుగు, పెద్దది కింద చిన్నది పైన పేరుస్తారు. అది మసాజ్ సెంటర్ బోర్డు. హైదరాబాద్ గుట్ట అలా ఉండదు, ఎందుకంటే అది ఒకరు పేర్చింది కాదు. భూమి లోపల చల్లారి గట్టిపడిన ఒకే రాయి అది. పైనున్న బరువు కోట్ల ఏళ్ళలో కొట్టుకుపోతుంటే ఒత్తిడి తగ్గి నిలువుగా, అడ్డంగా బీటలు పడ్డాయి. బీటల్లోకి నీళ్ళు దిగాయి. మూలల దగ్గర నీళ్ళు రెండు మూడు వైపుల నుంచి తగులుతాయి కాబట్టి మూలలు ముందు అరిగిపోయాయి, మధ్య భాగం గట్టిగా మిగిలింది. మెత్తబడిన మట్టి వానలకి కొట్టుకుపోయాక గుండ్రటి బండలు ఉన్నచోటే ఒకదాని మీద ఒకటి నిలబడిపోయాయి. అందుకే పై రాయి అడుగు, కింది రాయి నెత్తి ఒకే వంపులో ఉంటాయి. పడిపోతుందేమో అనిపిస్తుంది, పడదు.

దీన్ని గీతలోకి తేవడానికి కంప్యూటర్ వద్దు, కత్తెర చాలు. నల్ల చార్టు ముక్క ఒకటి చేతి వెడల్పున కత్తిరించండి. దాన్ని మూడు నాలుగు కోతలతో ముక్కలు చేయండి, కోతలు కొంచెం వాలుగా ఉండాలి. ఇప్పుడు ప్రతి ముక్క మూలల్నీ గుండ్రంగా కత్తిరించండి, కానీ కోత అంచు మధ్యభాగాన్ని ముట్టుకోకండి. ముక్కల్ని మళ్ళీ ఉన్నచోటే పెట్టి, సన్నటి సందు వదలండి. గుట్ట వచ్చేసింది. గుండ్రాలు పేరిస్తే రాని బరువు, పొందిక ఇందులో ఉంటాయి. ఇలాంటివి ఒక ముప్పై నలభై చేసి నేల మీద పరిచి, దూరం నుంచి చూసి, మంచివి ఐదారు ఉంచుకోండి. వాటిని ఫోటో తీసి అప్పుడు వెక్టర్‌గా, అంటే ఎంత పెంచినా చెదరని కంప్యూటర్ గీతలుగా, గీయండి. కత్తెర వంకర్లు కొన్ని అలాగే ఉండనివ్వండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే కచ్చితమైన వృత్తం గుట్టల్లో ఎక్కడా లేదు.

మీ వస్తువు వేరే అయినా సూత్రం ఇదే. మోదుగ అయితే మూడేసి ఆకుల అమరిక, చిలక ముక్కులా వంగిన రేక చూడండి. గునుగు అయితే కింద తెలుపు, పైన లేత గులాబీ ఎలా కలుస్తాయో చూడండి. పైపైన ఎలా కనిపిస్తుందో గీస్తే బొమ్మ మాత్రమే వస్తుంది. అది పెరిగిన పద్ధతి పట్టుకుంటే ఒక నియమం దొరుకుతుంది, ఆ నియమంతో వంద బొమ్మలు చేయొచ్చు.

మన గుట్టకి నేను పెట్టే నియమాలు ఇవి: ప్రతి దొంతరా ఒక దీర్ఘచతురస్రాన్ని కోయడంతోనే పుట్టాలి. సందు వెడల్పు అన్నిచోట్లా ఒకటే. ఒక దొంతరలో ఐదు రాళ్ళకి మించకూడదు. ఒక్క రాయి మాత్రమే వేరే రంగులో ఉండొచ్చు. దీంతో ఫెస్టివల్‌లో ప్రతి విభాగానికీ ఒక దొంతర ఇవ్వొచ్చు. సంగీత వేదికకి పొడుగుది, తిండి వైపు వెడల్పుది, పిల్లల వర్క్‌షాపుకి రెండు చిన్న రాళ్ళది. ముఖ్యమైన లోగో వీటిలో ఒకటి. మిగతావి దాని తోబుట్టువులు.

లోగో ఖాయం చేసే ముందు మూడు పరీక్షలు పెట్టండి. నలుపు తెలుపులో ప్రింట్ తీసి జిరాక్స్‌కి జిరాక్స్ తీయించండి, సందులు పూడుకుపోతే వెడల్పు చేయండి. 16 పిక్సెళ్ళ చదరంలో చూడండి. ఏ4 కాగితం మీద ప్రింట్ చేసి గోడకి అంటించి వీధి చివరి నుంచి చూడండి. ఫోటోల కోసం గుట్టల మీద నిజం రాళ్ళు పేర్చే ఆలోచన ఎవరికైనా వస్తే ఆపండి. వాటి కింద తొండలు, తేళ్ళు కాపురం ఉంటాయి.

రంగులు

ఫోటోలోంచి ఒక పిక్సెల్ రంగు తీసి పాలెట్ అనేయకండి. రాయి పొద్దున బూడిద గులాబీగా, మిట్టమధ్యాహ్నం తెల్లగా, వాన తర్వాత నల్లటి చారలతో ఉంటుంది. ఏ వేళ రంగు కావాలో మీరే నిర్ణయించి, ఆ భాగాన్ని మసకబెట్టి సగటు రంగు తీయండి. తెచ్చుకున్న మట్టి పొట్లాన్ని ప్రింట్ పక్కన పెట్టి సరిచూడండి.

మన గుట్టకి ఐదు రంగులు చాలు. ప్రింటింగ్‌కి సీఎంవైకే లెక్కలో, అంటే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల శాతాలు ఆ వరసలో, మొదలుపెట్టడానికి ఇవి వాడండి: రాతి రంగు 20, 25, 25, 10. నవంబర్‌లో ఎండిన గడ్డి రంగు 10, 20, 55, 5. రాయి మీద పెరిగే లైకెన్ లేత పచ్చ 35, 10, 45, 5. వాన చారల ముదురు రంగు 60, 60, 60, 60. ఐదోది, దొంతరలో ఒక్క రాయికి మాత్రమే ఇచ్చే రంగు, నారింజ: 0, 70, 90, 0. ఈ నారింజ ఎక్కడిదంటే, బండల మీద ఎండ కాచుకునే రాతి తొండది. మగ తొండకి జత కట్టే కాలంలో వీపు ఎర్రగా, నారింజగా మారి పక్కలు నల్లబడతాయి. బూడిద రంగు రాయి మీద ఆ ఒక్క మెరుపు ఎంత దూరానికైనా కనిపిస్తుంది. అక్షరాలకి ముదురు రంగు, వెనక గడ్డి రంగు వాడితే బాగా ఆనుతుంది. నారింజ మీద తెల్ల అక్షరాలు పెద్ద సైజులోనే వాడండి. వెబ్‌సైట్‌లో చిన్న అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) 4.5కి ఒకటి ఉండాలన్నది ప్రమాణం, ఉచితంగా చూసుకునే సైట్లు ఉన్నాయి.

పక్షుల ఫెస్టివల్ చేస్తూ నీలం వాడేవాళ్ళకి ఒక మాట. స్క్రీన్ మీద నీలంగా కనిపించింది ఫ్లెక్సీ మీద వంకాయ రంగులో వస్తుంది. సయాన్ కంటే మెజెంటా కనీసం 30 తక్కువ ఉండేలా చూసుకోండి. 100, 60 నీలంగానే ఉంటుంది. 100, 90 ఉండదు.

ఇంకో సంగతి ఏ డిజైన్ పుస్తకంలోనూ ఉండదు. మన ఊళ్ళో నిండు గులాబీ రంగు బ్యానర్ కడితే జనం పార్టీ మీటింగ్ అనుకుంటారు. నిండు కాషాయం, మూడు రంగుల పట్టీ కూడా అంతే. ఎన్నికల రోజులైతే టెన్షన్ ఇంకా ఎక్కువ. నా నారింజని ఒక్క రాయికే కట్టడి చేయడానికి సగం కారణం ఇదే. తెలుపు గురించి కూడా ఆలోచించుకోండి: దుమ్ము లేచే మైదానంలో తెల్ల గుడ్డ రెండో రోజుకి మాసిపోతుంది. గడ్డి రంగు మీద దుమ్ము పడినా తెలియదు.

అక్షరాలు: తెలుగుని చివర్లో అతికించకండి

ఇంగ్లిష్ లోగో పూర్తిచేసి, ఆ తర్వాత "తెలుగు వెర్షన్ కూడా" అనడం మన దగ్గర మామూలైపోయింది. తిరగేసి చేయండి. తెలుగు అక్షరాలకి తలకట్టు పైన, ఒత్తు కింద ఉంటాయి, కాబట్టి వాటికి చోటు ఎక్కువ కావాలి. తెలుగు కుదిరిన చోట ఇంగ్లిష్ సులువుగా కుదురుతుంది. ఇంగ్లిష్ కోసం కొలిచిన పట్టీలో తెలుగు ఇరుక్కుంటుంది. ఉర్దూ కూడా ఉండాలి. 2017 నుంచి అది రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష, పైగా ఇది హైదరాబాద్. ఉర్దూ రాసే నస్తలీఖ్ శైలి వాలుగా దిగుతుంది కాబట్టి దానికీ ఎత్తు కావాలి. చదివేవాళ్ళ చేత చూపించకుండా ఉర్దూని ప్రింట్‌కి పంపకండి.

పేరుకి మాత్రం చేత్తో రాసిన అక్షరాలు వాడండి. గుట్టకి వాడిన కత్తెర పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. అక్షరాన్ని నిండుగా కత్తిరించి, తలకట్టు దగ్గర సన్నటి సందు వదిలితే అది రాయి మీది రాయిలా నిలబడుతుంది. అందం కోసం తలకట్టు పూర్తిగా ఎగరగొట్టే ఫ్యాషన్ ఒకటి వచ్చింది. దూరం నుంచి చదవలేం, వద్దు.

మిగతా అక్షరాలకి గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్స్‌తో మంచివి దొరుకుతాయి. అనెక్ తెలుగులో సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా అన్నీ ఉన్నాయి, బోర్డులకి నా మొదటి ఓటు దానికే. శీర్షికలకి రామభద్ర లావుగా నిలబడుతుంది. కరపత్రంలో పేరాలకి మండలి, టిరో తెలుగు బాగుంటాయి. బాలూ తమ్ముడు ముద్దుగా ఉంటుంది కానీ ప్లేస్కూల్ బోర్డుల్లో చూసి చూసి ఉన్నాం. వరసల మధ్య దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు పెట్టండి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి.

సాఫ్ట్‌వేర్ మాట. బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్‌లో తెలుగు విడిపోయి కనిపిస్తే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. ఫ్లెక్సీ షాపుకి ఫైలు ఇచ్చేటప్పుడు అక్షరాలన్నీ ఔట్‌లైన్‌లోకి, కోరల్‌డ్రా అయితే కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అవసరం లేని గీతల్లోకి, మార్చేయండి. చాలా షాపుల్లో ఇంకా యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లతోనే పని. మీ యూనికోడ్ తెలుగు అక్కడ తెరిస్తే డబ్బాలుగా వస్తుంది, లేదా వాళ్ళు ఖాళీ దొరికినప్పుడు మళ్ళీ టైప్ చేస్తారు. తప్పులు పుట్టేది అక్కడే. కర్వ్స్ చేయకముందు ఫైలు ఒకటి విడిగా దాచుకోండి, వచ్చే ఏడాది తేదీలు మార్చాలి కదా.

వస్తువులు, బోర్డులు

ప్రకృతి ఫెస్టివల్ గేటు దగ్గర థర్మాకోల్ బండరాళ్ళు పెడితే డిజైన్ అంతా అక్కడే ఓడిపోతుంది. చట్టం కూడా ఒప్పుకోదు. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణ థర్మాకోల్, ప్లాస్టిక్ జెండాలు, 100 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు ఉన్నాయి. రోడ్డు మీద అనుమతి లేకుండా ఫ్లెక్సీ కడితే నగరపాలక సంస్థ జరిమానా వేరే. స్పాన్సర్ "దారి పొడుగునా కట్టేద్దాం" అన్నప్పుడు ఈ ముక్క ముందే చెప్పండి.

కాటన్ గుడ్డ మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయించండి. మన దొంతర బొమ్మలు రెండు రంగుల్లో సరిపోయేలా ఉన్నాయి కాబట్టి రెండు స్క్రీన్లే, ఖర్చు అదుపులో ఉంటుంది. పైనా కిందా గొట్టంలా కుట్టించి వెదురు దూర్చితే గాలికి ముడుచుకోదు. బ్యానర్ల మీద సంవత్సరం, తేదీ వేయకండి. తేదీ విడిగా ఒక చిన్న పట్టీ మీద ఉంటే మిగతాదంతా మళ్ళీ వాడొచ్చు. వేదిక వెనక బ్యాక్‌డ్రాప్ డిజిటల్ ప్రింటే తప్పదంటే పూర్తి సైజులో అంగుళానికి 72 నుంచి 100 పిక్సెళ్ళు చాలు. ముందుగా ఒక అడుగు ముక్క ప్రింట్ తీయించి, రాత్రి లైట్ల కింద పెట్టి చూడండి. పసుపు లైటు కింద మన లైకెన్ పచ్చ చచ్చిపోతుంది, అక్కడ తెల్ల లైటు అడగండి.

నేలని కూడా వాడుకోండి. తెలంగాణ ఇళ్ళ గడపలకి, అరుగులకి జాజు (ఎర్రమట్టి రంగు) పూసి ముగ్గు వేసే అలవాటు ఇంకా పల్లెల్లో ఉంది. గేటు నుంచి వేదిక దాకా దారి అంచున జాజు పట్టీ, మధ్య మధ్య దొంతర ఆకారంలో తెల్ల ముగ్గు వేయించండి. పని అయ్యాక నీళ్ళతో పోతుంది. కానీ రాళ్ళ మీద మాత్రం ఏదీ రాయకండి, సున్నంతో కూడా. మన గుట్టల మీద ఇప్పటికే నినాదాలూ ట్యూషన్ నంబర్లూ చాలినన్ని ఉన్నాయి.

చేర్యాల బొమ్మల శైలి వాడదామని ఎవరైనా అంటే, ఆ ఎర్ర నేపథ్యాన్ని, ఆ కళ్ళని వెక్టర్‌లో కాపీ కొట్టకండి. చింతగింజల అంబలి, సుద్ద పట్టించిన గుడ్డ మీద వేసే ఆ కళకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. వేసే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళతోనే ఒక తెర వేయించి, డబ్బు ఇచ్చి, పేరు వేయండి.

దారి చూపే బోర్డుల్లో అక్షరం ఎత్తుకి ఒక మోటు లెక్క: పది అడుగుల దూరానికి ఒక అంగుళం. యాభై అడుగుల నుంచి చదవాలంటే ఐదు అంగుళాలు. తెలుగులో ఒత్తులు, గుడులు కలపకుండా అసలు అక్షరాన్నే కొలవండి. బోర్డు కింది అంచు ఏడు అడుగుల పైన ఉండాలి, లేకపోతే గుంపులో ముందున్న పది మంది తప్ప ఎవరూ చూడలేరు. ముందు డబ్బు పెట్టాల్సింది వేదిక బోర్డు మీద కాదు, మరుగుదొడ్లు, తాగునీళ్ళు, బయటికి దారి బోర్డుల మీద. వేదిక పాట వినిపించి దానంతటదే దొరుకుతుంది. అత్యవసర బోర్డుల్లో థీమ్ చూపించకండి. ఫస్ట్ ఎయిడ్‌కి పచ్చ మీద తెల్ల ప్లస్ వాడండి. తెలుపు మీద ఎర్ర ప్లస్ గుర్తు రెడ్‌క్రాస్‌ది, చట్టం రక్షణ ఉన్నది, అందరూ వాడేస్తున్నారు కదా అని మీరు వాడకండి.

ఫోన్ తెర

చాలామందికి మీ ఫెస్టివల్ మొదట వాట్సాప్‌లో కనిపిస్తుంది. డీపీ గుండ్రంగా కోసేస్తుంది కాబట్టి దొంతర ఒక్కటే పెట్టండి, పేరు వద్దు. స్టేటస్‌కి 1080కి 1920 సైజులో ఒకటి చేసి, పైనా కిందా కొంచెం ఖాళీ వదలండి. ఫార్వర్డ్ అయి అయి బొమ్మ మసకబారుతుంది, అందుకే పోస్టర్‌లో తేదీ, స్థలం, టికెట్ వివరం తప్ప ఇంకేం రాయకండి. క్యూఆర్ కోడ్ వెనక రాతి టెక్స్చర్ పెట్టకండి, చుట్టూ ఖాళీ అంచు ఉంచండి.

స్పాన్సర్లు, రిజిస్ట్రేషన్, ఫైళ్ళు

స్పాన్సర్ లోగోల గొడవ డిజైన్ మొదటి రోజే తేల్చుకోండి. అన్ని లోగోలూ ఒకే ముదురు రంగులో, ఒకే ఎత్తులో, విడిగా ఒక పలక మీద. ఒప్పందం కాగితంలోనే ఈ షరతు రాయిస్తే తర్వాత "మా ఎరుపు మా బ్రాండ్" అన్నప్పుడు వాదించక్కర్లేదు. పెద్ద స్పాన్సర్ ఒకరు ఎప్పుడూ మినహాయింపు అడుగుతారు. వాళ్ళకి టోట్ బ్యాగ్ వెనక వైపు ఇవ్వండి.

ఏటా చేసే ఉద్దేశం ఉంటే పేరు ఖాయం చేసే ముందే ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకండి. వినోద, సాంస్కృతిక కార్యక్రమాలు 41వ తరగతిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తుకి వ్యక్తులు, చిన్న సంస్థలు, స్టార్టప్‌లు అయితే ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, మిగతావాళ్ళకి 9,000. తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి.

చివరగా, నలభై పేజీల బ్రాండ్ గైడ్ ఎవరూ చదవరు. రెండు పేజీలు చేయండి. మొదటిది షాపువాళ్ళకి: రంగుల అంకెలు, దొంతరల నియమాలు, సందు వెడల్పు, గుడ్డ రకం, లోగో కనీస సైజు. రెండోది వాలంటీర్లకి: ఏ బోర్డు ఎక్కడ, ఎంత ఎత్తులో కట్టాలో మైదానం మ్యాప్ మీద. రెండూ తెలుగులోనే రాయండి, కట్టేవాళ్ళు చదివే భాష అదే. ప్రతి ఫైలు పేరులో సైజు, భాష, ఎన్నో వెర్షనో ఉండాలి. ఫైనల్, ఫైనల్ కొత్తది, అసలు ఫైనల్ అని పేర్లు పెడితే షాపులో పాతదే ప్రింట్ అవుతుంది. ప్రింట్‌కి పంపింది ఏదో ఒక్క ఫోల్డర్‌లోనే పెట్టి, మిగతావి షాపువాళ్ళకి కనిపించకుండా చూడండి.